తగిలియ్యని కొండి

“కొండి చూసుకునేది ఎవలురా? నువ్వా, ఆమెనా? గంతే చెప్పు.”

సిద్ధలింగప్ప ఆ మాట అడగడం అది మొదటిసారి కాదు. రాజ్‌దూత్ మోటారుసైకిల్ దిగి చెప్పులు విప్పిన దగ్గర్నుంచీ అదే అడుగుతున్నాడు. మంచం మీద తమ్ముడు రుద్రప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి భుజం నుంచి మణికట్టు దాకా సిమెంటు కట్టు. చెంప మీద గీరుకుపోయిన చోట పక్కు కట్టింది. అన్న ముఖం చూడకుండా, వసారా వాసాలకు పొడుగ్గా వేలాడుతున్న రెక్క మూటను చూస్తున్నాడు.

రుద్రప్ప పెండ్లాం జగదేవి వంటింటి గడప మీద పిండి చేతులతో నిలబడి ఉంది. లోపల పెనం మీద జొన్నరొట్టె మాడుతున్న వాసన వస్తోంది. వెనక్కి వెళ్లి తిరగేయాలని కాళ్లకు తెలుసు. కదల్లేదు. మొగుడి నోటి నుంచి వచ్చే మాట విన్నాకే కదలాలనుకుంది.

“యాదికి లేదన్నా,” అన్నాడు రుద్రప్ప.

‘దాని తప్పే’ అని ఉంటే ఆమె కొట్లాడేది. ‘నా తప్పే’ అని ఉంటే కాళ్లు పట్టుకునేదేమో. యాదికి లేదన్నవాడితో ఏం కొట్లాడాలి?

“యాదికి లేకుంట ఎట్ల పోతది?” అత్త బసవమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని వత్తులు చేస్తూ అంది. “గుట్ట మీద మీ ఇద్దరే ఉంటిరి గద.”

“ఇద్దరమే ఉన్నం అత్తమ్మా. ఆగమని నేను ఒర్లిన. దవాఖానల చెప్పిన, ఇంటికొచ్చి చెప్పిన. ఎవలన్న ఇంటున్నరా?”

“నువ్వు జెర ఆగు,” సిద్ధలింగప్ప ఆమె వైపు చూడకుండానే చెయ్యెత్తాడు. “నేను వాన్ని అడుగుతున్న.”

రుద్రప్ప బస్సు డిపోలో మెకానిక్కు. ఫౌజు నుంచి వచ్చి హైస్కూల్లో డ్రిల్లు సారుగా చేరిన గిద్యోనుతో దోస్తీ కలిసి, హ్యాంగ్ గ్లైడర్ అనే ఈ పెద్ద పతంగి పిచ్చి అంటించుకున్నాడు. అల్యూమినియం గొట్టాలు, ఇనుప తీగలు, మీద గుడ్డ. మనిషి ఒక తొడుగులో దూరి, దాని పట్టీ కొండిని రెక్క నడిమి గొట్టానికి తగిలించుకుని, గుట్ట అంచు దాకా ఉరికితే గాలి ఎత్తుకుంటుంది. గుడ్డ కుట్టింది జగదేవి. కుట్టినదానికి ఎగరాలని కూడా అనిపించింది. మొదట నవ్విన మొగుడే నేర్పాడు. రెండు చలికాలాల్లో కల్హేర్ తోవలోని ఎర్రగుట్ట ఇద్దరికీ ఇంటి వాకిలంత అలవాటైంది.

పోయిన ఆదివారం రుద్రప్ప కొండి తగిలించుకోకుండానే ఉరికాడు. రెక్క లేచింది. అతను రెక్కకు కింద ఉండే అడ్డకర్ర పట్టుకుని కొంతసేపు వేలాడి, చేతులు జారి బండల మీద పడ్డాడు. ఎగిరే ముందు కొండి చూసి ‘సరే’ అనవలసింది పక్కనున్న మనిషి. పక్కనున్నది పెండ్లాం. ఊరికి అంతకంటే ఏం కావాలి?

“వాడు పడ్డడు. నువ్వు పక్కనున్నవ్,” సిద్ధలింగప్ప లేచాడు. “గంతకన్న నాకేం ఎరుకొద్దు. అవ్వా, ఇగ ఇను. గుడ్డ గట్టిగున్నది, కందుల రాశి మీద కప్పుకుంట. పైపులు పందిరికి పనికొస్తయ్. ఆదివారం పొద్దుగూకంగ బండి తోలిస్త. మరదలు కొన్నొద్దులు నాగల్‌గిద్దల తల్లిగారింట్ల ఉండనియ్యి. వీని చెయ్యి కలిసినంక చూద్దం.”

“నా మొగునికి ముద్ద ఎవలు పెడ్తరు?” జగదేవి అడిగింది.

“నేను సచ్చిపోలే,” అంది బసవమ్మ.

రుద్రప్ప మళ్లీ మూట వైపు తిరిగాడు. పెనం మీద రొట్టె పూర్తిగా నల్లబడింది.

*

అయినా ఆ మధ్యాహ్నం ముద్ద పెట్టింది జగదేవే.

రొట్టె తుంచి పప్పులో అద్ది నోటికందించింది. అతను నమిలాడు. ఆమె మళ్లీ తుంచింది. మంచి రోజుల్లో ఈ వేళకు ఆ వసారాలో గాలి ముచ్చట్లే. నాగల్‌గిద్ద దిక్కు నుంచి వస్తే ఎట్లా, మబ్బు కింద ఎత్తు దొరుకుతుందా, ఈసారి చింతలతోపు దాటుతామా అని తింటున్నంతసేపూ వాదించుకునేవాళ్లు. ఒక్కోసారి బసవమ్మ విసుక్కుని, పుట్టింటి కన్నడంలో ‘సాకు, సాకు’ అని, ‘చాలు, ఇగ తినుండ్రి’ అనేది. ఇప్పుడు దవడల చప్పుడు తప్ప ఏమీ లేదు.

“నీళ్లు,” అన్నాడు.

తాగించింది. గడ్డం మీద కారిన నీళ్లు కొంగుతో తుడిచింది. తుడుస్తూ ఉండగానే నోరు ఆగలేదు.

“నిజంగ యాదికి లేదా?”

అతను కళ్లు మూసుకున్నాడు.

“నా మొఖం చూసి చెప్పు. ‘ఆగు, కొండి లేదు’ అని ఒర్లిన్నా లేదా?”

“మెల్లగ మాట్లాడు. అవ్వ ఉన్నది.”

“ఉండనియ్యి.”

“ఒర్లినవ్,” అన్నాడు చివరికి, గొంతు లోపలే. “ఇన్న. అయితేంది?”

“అయితేందా? నన్ను ఇంట్ల నుంచి ఎల్లగొడుతుండ్రు, అయితేందంటవా?”

“ఎల్లగొడుతలేరు. పది దినాలు తల్లిగారింటికి పోతే ఏమైతది? అన్న కోపం దిగినంక నేనే వచ్చి తోల్కొస్త గద.”

జగదేవి పళ్లెం పక్కకు నెట్టింది. లేచి రెండడుగులు వేసి మళ్లీ వచ్చింది. ఈ వారం రోజులుగా ఆమెకు ఒక్కచోట కూర్చోవడం చేతకావడం లేదు. కుట్టు మిషను తొక్కితే దారం తెగుతోంది, తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది.

“ఎందుకు చెప్పవ్? మీ అన్న కొడ్తడా?”

“అన్న కాదు.” రుద్రప్ప కట్టు లేని చేత్తో దుప్పటి అంచు నలిపాడు. “డిపోల నా పనేంది? బ్రేకులు చూసుడు. నేను చూసి సరే అంటేనే బండి గేటు దాటుతది. యాభై మంది పానం. తన కొండి తనే తగిలిచ్చుకోక పడ్డడంటే, రేపు నేను సరే అన్న బండి ఎవడు నడుపుతడు? డ్రైవర్లు నవ్వరా? మేనేజరు నన్ను టైర్లకాడ కూసోవెట్టడా?”

“గందుకు నేను మొగుణ్ణి సంపబోయిన దాన్నైతే నడుస్తదా?”

“నిన్ను ఎవలు డిపోల కెల్లి తీసేస్తరు?”

అన్నాక ఆ మాట అతనికే చేదుగా తగిలినట్టుంది. ఎడమచేయి ఆమె వైపు చాచాడు. జగదేవి పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

*

మర్నాడు ఆదివారం. నల్లా దగ్గర బిందెల వరస పొడుగ్గా ఉంది. జగదేవి వెళ్లేసరికి మాటలు తగ్గాయి.

భీమమ్మ మాత్రం ఆగలేదు. ఎదురింటి మనిషి. మనసులో ఏదీ దాచుకోదు. “ఏమే జగదేవీ, మొగుణ్ణి గుట్ట మీదికెల్లి నూకినవంట?”

“ఎవలన్నరు?”

“అందరంటుండ్రు. నేనైతే నమ్మలే. నూకేదానివైతే గింత దూరం గుట్ట దాక ఎందుకు పోతవ్, మనింటెన్క బాయి లేదా అన్న.”

నలుగురూ నవ్వారు. భీమమ్మ వెక్కిరించాలని అన్నది కాదు, వెనకేసుకు రావాలనే అన్నది. అందుకే జగదేవికి ఇంకా మండింది. బిందె సగమే నిండింది. అలాగే నడుముకెత్తుకుని వచ్చేసింది. దారి పొడవునా నీళ్లు ఒలికి చీర తడిసింది.

ఇంటి ముందు గిద్యోను సారు జీపు ఆగి ఉంది. ఆయన వాకిట్లో టోపీ చేత్తో పట్టుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. రుద్రప్ప పడ్డనాడు ఆయన కింద చేన్లో ఉన్నాడు. పైన ఏం జరిగిందో చూడలేదు. ఎవరినీ అడగనూ లేదు.

“వంగిన గొట్టం సాపు చేసిన, మొన్ననే బిగిచ్చిన,” అన్నాడు. “మీ బావ బండి తోలకముందే రెక్క మా ఇంట్ల పెట్టుకుంట జగదేవమ్మా. కందుల మీద కప్పే గుడ్డనా ఇది?”

జగదేవి బిందె దించింది. వసారా వైపు చూసింది. పొద్దున్నుంచీ గాలి ఒకే దిక్కు నుంచి, తడవ తడవకు బలంగా వస్తోంది. మూట చివరన విడిపోయిన గుడ్డ కొస తపతప కొట్టుకుంటోంది. అంతసేపూ ఎటూ తోచని మనసుకు ఒక్కసారిగా తోవ కనపడింది.

“మీ ఇంటికొద్దు సారూ. గుట్టకే పోదాం. బండి వచ్చేలోపు ఒక్కసారి ఎగుర్త.”

“నీకు దిమాక్ ఉన్నదా?” లోపల్నుంచి రుద్రప్ప అరుపు.

ఆమె మూట తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. అడ్డం పడుతుందనుకున్న బసవమ్మ మెల్లగా లేచి కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది.

“నేను గూడ వస్త.”

“నువ్వెందుకు అవ్వా?” రుద్రప్ప గడప దాకా వచ్చాడు.

“నా కొడుకు పడ్డ జాగ నేను సూడొద్దా? ఊరంత సూసొచ్చింది.”

జీపు కదిలే వేళకు రుద్రప్ప కూడా వచ్చి, కట్టు చేయి పొట్టకు అదుముకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు. దిగమనీ అనలేదు. దారంతా కోత అయిపోయిన కంది చేలు. మీద కట్టిన మూట గుంటల్లో చక్రం పడ్డప్పుడల్లా టాపుకు కొట్టుకునేది. అత్తాకోడళ్లు వెనక సీట్లో ఒకరి భుజం ఒకరికి తగులుతూ కూర్చున్నారు.

*

గిద్యోను సారు వాళ్లను పైన దింపి, ఎప్పటిలాగే దిగే చేను దగ్గరికి జీపు తిప్పుకుని వెళ్లాడు. గుట్ట మీద ముగ్గురే మిగిలారు.

జగదేవి చీర కాసె పోసి బిగించింది. గొట్టాలు విప్పి, గుడ్డ పరిచి, తీగలు ఒక్కొక్కటిగా లాగి చూసింది. ఒంటిచేత్తో రుద్రప్ప అలవాటు కొద్దీ ఒక బోల్టు బిగించబోయాడు. “నేను చూసుకుంట,” అంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బసవమ్మ అంచు దాకా వెళ్లి కిందికి చూసింది. బండలు చూసింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చి, గాలికి పొంగి నిలబడ్డ రెక్కను వేళ్లతో తడిమింది.

“గీ కుట్లన్ని నీయేనా?”

“నాయే.”

“కొండేది?”

జగదేవి తొడుగు వేసుకుని, పట్టీ చివర కొండి చేతిలోకి తీసుకుని చూపించింది. అరచేతిలో పట్టేంత ఇనుప కొండి. “ఇది పైన గాడ తగిలియ్యాలె అత్తమ్మా. తగిలిస్తే మనిషి, రెక్క ఒకటే. లేకుంటే ఎవలకు వాళ్లే. తగిలిచ్చినంక ఒకపారి కింద పండుకోని బరువు ఆనుతుందా అని చూస్తం. పక్కనోళ్లు సరే అంటెనే లేస్తం.”

“గా దినం వాడు పండుకున్నడా?”

“పండుకోలే. నేను చూస్త ఆగు అంటే ఆగలే.”

బసవమ్మ కొడుకు వైపు తిరిగింది. “యాకో, ఎందుకట్ల? గింత పెద్ద కొండి నీకు కనవడలేదా?”

రుద్రప్ప కాలితో గులకరాయి దొర్లించాడు. ఇంట్లో ఉన్న వాసాలు ఇక్కడ లేవు, చూడ్డానికి. ఎటు తిరిగినా ఆకాశమో, తల్లో, పెండ్లామో.

“ఆమె తప్పు లేదవ్వా. ఆగమన్నది. ఇని గూడ ఉరికిన.”

“ఎందుకురా?”

“నాకన్న ముంగట ఆమె ఎగిరింది. చింతలతోపు దాటి, మళ్ల మర్లొచ్చి చేన్ల దిగింది. కింద జనం సప్పట్లు కొట్టిండ్రు. మొగుని కన్న పెండ్లామే నయమని ఎవడో కేకేసిండు, పైదాక ఇనవడ్డది. ఇగ నాకు ఏం సోయి లేదు. సారు జీపుల రెక్క పైకి తెచ్చినంక, గాలి మారుతున్నది, ఇయ్యాల వద్దని ఆమె అన్నది. నువ్వు నాకు చెప్పేదానివైనవా అన్న. ఉరికిన.”

గాలి రెక్క కింద దూరి గుడ్డ చప్పుడు చేసింది. వారమంతా ఈ మాట కోసమే కడుపులో నిప్పు పెట్టుకు తిరిగిన జగదేవికి, తీరా అది బయటికి వచ్చాక ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. మొగుడి మీద జాలి కలగబోయింది.

బసవమ్మ బండ మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముగ్గురు పిల్లల్ని, ఒక కోపిష్టి మొగుణ్ణి నెట్టుకొచ్చిన ఇల్లాలు.

“సరే ఇనుండ్రి. జగదేవీ, నువ్వు నాగల్‌గిద్దకు పోవద్దు. పెద్దోనికి నేను చెప్త. కొండి తగిలిచ్చిండు, గాలిల ఇరిగిందని చెప్త. డిపోల గూడ గదే మాట. వాని ఇజ్జత్ నిలుస్తది, నీ మీద మాట పోతది. గని ఇగ ఇద్దరు గీ గుట్ట ఎక్కొద్దు. గుడ్డ పెద్దోనికి ఇచ్చెయ్యాలె. ఇంటికాడ సంసారం చేసుకోండ్రి.”

“సరే అవ్వా,” అన్నాడు రుద్రప్ప.

ఎంత తొందరగా అన్నాడు! వారం రోజులు ఒక్క నిజం చెప్పడానికి నోరు రానివాడికి, ఈ ‘సరే’ దానంతట అదే వచ్చింది. కలగబోయిన జాలి అక్కడే ఆగిపోయింది.

“కొండి తెచ్చింది గిద్యోను సారు,” అంది జగదేవి. “ఇరిగిందంటే మాట ఆయన మీదికి పోతది.”

“ఆయన మనోడా?” అంది బసవమ్మ.

“మనోడు కాదని పాపం అంటగడ్తమా? నా మీదికెల్లి తీసి ఆయన మీద పెడ్తరా?”

“జగదేవీ,” రుద్రప్ప దగ్గరికి వచ్చాడు. “అవ్వ మంచికే చెప్తున్నది. ఎగురకపోతే ఏమైతది? అన్నం తినమా?”

“నన్నెవలు అడిగిండ్రు?” ఆమె గొంతు పెరగలేదు. “మీరిద్దరు మాట్లాడుకున్నరు, మీరిద్దరు సరే అనుకున్నరు. ఇచ్చేది నేను. నన్ను ఎవలన్న అడిగిండ్రా?”

ఆమె వంగి కొండి పైన తగిలించింది. కింద పడుకుంది. పట్టీ బిగిసి ఒళ్లు నేలకు జానెడు ఎత్తున ఆనింది.

“చూడు,” అంది మొగుడితో.

అతను వంగి చూశాడు. ఎంతో జాగ్రత్తగా, బస్సు కింద దూరి బ్రేకు చూసినంత శ్రద్ధగా చూశాడు. “తగిలింది,” అన్నాడు. అనకుండా ఉండలేకపోయాడు.

జగదేవి లేచి రెక్కను భుజాల మీదికి ఎత్తుకుంది. ఎప్పటిలాగే రుద్రప్ప ముందుకు వెళ్లి, రెక్క ముక్కు నుంచి దిగిన తీగను ఎడమచేత్తో పట్టుకున్నాడు. గాలి సరిగా వచ్చేదాకా ముక్కు కదలకుండా ఆపడం అతని పని. ‘ఇడువు’ అని ఆమె అనగానే వదిలి పక్కకు తప్పుకోవాలి. రెండేళ్లుగా అంతే.

కింద దూరంగా చేన్లో గిద్యోను సారు జెండా గుడ్డ పైకెత్తాడు. గడ్డి ఒక్కసారిగా వాళ్ల వైపు వాలింది. మంచి గాలి. భుజాల మీది బరువు తేలికైంది.

“ఇడువు.”

అతను వదల్లేదు.

“దిగినంక అన్నకు ఏం చెప్తవ్?” అన్నాడు.

“ఉన్నదే చెప్త.”

“డిపోల అడిగితే?”

“గదే చెప్త.”

“జగదేవీ, నా బతుకు...”

“ఇడువు. గాలి వస్తున్నది.”

రెక్క ఎడమ పక్క పైకి లేచింది. ఆమె ఒంటి బలమంతా పెట్టి కిందికి నొక్కింది. ఒక తీగ ఎవరైనా పట్టుకుని ఉండగా గాలి ఎత్తితే, రెక్క అడ్డం తిరిగి మనిషిని బండల మీద కొడుతుంది. అది అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. బండ మీది ముసలామెకు తెలియదు.

“బిడబ్యాడ!” బసవమ్మ లేచి నిలబడి అరిచింది. కంగారులో ఆమెకు పుట్టింటి కన్నడమే నోటికొచ్చింది. “వదలకు కొడకా, గట్టిగ పట్టుకో!”

రుద్రప్ప తల్లి వైపు చూశాడు. తీగ కోసుకుని అతని వేళ్ల మధ్య నుంచి రక్తం సన్నగా దిగుతోంది. మళ్లీ పెండ్లాం వైపు చూశాడు.

ఆమె మళ్లీ అడగలేదు. ఒక కాలు ముందుకు వేసింది.